గైడు తెరిచే ముందు ఒకసారి పైకి చదివించండి

మీ అమ్మాయి సీబీఎస్‌ఈ పదో తరగతి. మార్కులు వస్తున్నాయి గానీ ఇంగ్లీషు పద్యాలు, నాటకం గైడు చూసి బట్టీ పడుతోంది, "ఇవి ఎందుకు పనికొస్తాయి?" అని అడిగితే మీ దంపతులిద్దరికీ జవాబు తోచలేదు. ఇదీ మీ ప్రశ్న. విశాఖలో చాలాకాలం హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని కనుక నాకు తోచింది చెబుతాను. పద్యమైనా నాటకమైనా ముందు పైకి చదవాలి, సారాంశం సంగతి తర్వాత. మన బడుల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది.

రాబర్ట్ ఫ్రాస్ట్ 'డస్ట్ ఆఫ్ స్నో' చూడండి. కాకి కదిలి చెట్టు మీది మంచుపొడి తన మీద రాలడంతో, పాడైందనుకున్న రోజు ఆయనకు కొంత బాగుపడింది. ఎనిమిదే పాదాలు. పిల్లలు ప్రతి పాదం చివరా ఆగుతారు, అర్థం అక్కడే తెగిపోతుంది. నిజానికి పద్యమంతా ఒకే వాక్యం. ఫుల్‌స్టాప్ చివర్లోనే ఉంటుంది. మొదటి నాలుగు పాదాలూ కర్త కిందే లెక్క, ప్రధాన క్రియ అయిదో పాదంలో గానీ రాదు. ఆ క్రియ కింద పెన్సిల్‌తో గీత గీయమని, తర్వాత ఎక్కడా ఆగకుండా చదవమని చెప్పండి.

పద్యంలోని ఆ చెట్టు పేరు హెమ్లాక్. కొన్ని గైడ్లు దాన్ని విషపు చెట్టు అంటాయి. సోక్రటీస్ తాగిన విషం అదే పేరున్న వేరే మొక్కది, ఇది పైన్ కుటుంబపు చెట్టు. కాకి అపశకునమని కూడా రాస్తారు. మా క్లాసులో పిల్లలేమో కాకి అరిస్తే చుట్టాలొస్తారు కదా టీచర్ అనేవారు. పద్యం చదివి వాళ్ళంతట వాళ్ళే ఆలోచించి అన్న మాట కనుక నాకు అదే నచ్చేది.

నాటకం దగ్గర ఇంకా సులువు. చెకోవ్ 'ది ప్రపోజల్' రష్యన్ నుంచి అనువాదమైనది, కాబట్టి ఒక్కో మాట దగ్గరా తంటాలు పడక్కర్లేదు, వేగం పట్టుకుంటే చాలు. లోమోవ్ పిల్లనడగడానికి కోటు తొడుక్కుని వస్తాడు. అడిగేలోపే ఆ పిల్లతోనే పచ్చికబయలు ఎవరిదన్న తగాదా మొదలవుతుంది. ఆనందపురం వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలకు నేను వివరించాల్సిన పనే ఉండేది కాదు. గట్టు తగాదాలు ఇళ్ళలో వింటూ పెరిగినవాళ్ళు! ఇద్దరిని నిలబెట్టి చదివిస్తే మూడో నిమిషానికి గొంతులు వాటంతటవే లేచేవి. పిల్ల కావాలి, పంతమూ వదలడు; మనిషి పైకి అనేదొకటి, లోపల కోరుకునేదొకటి. ఎందుకు పనికొస్తాయన్నదానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

అర్థం తెలియకుండా అప్పజెప్పడం మన దగ్గర కొత్త కాదు. 'కన్యాశుల్కం'లో వెంకటేశం తల్లి వెంకమ్మ ఇంగ్లీషు వినిపించమంటే గిరీశం, వెంకటేశం పద్యం ముక్కలూ రేఖాగణితం ముక్కలూ కలిపి వల్లిస్తారు. గురజాడ దాన్ని హాస్యానికి వాడుకున్నారు, మనం మార్కులకు వాడుతున్నాం. విశాఖ సిరిపురంలో కళాక్షేత్రానికి ఆయన పేరే ఉంది. అక్కడ మంచి నాటకం పడితే అమ్మాయిని తీసుకెళ్ళండి, భాష ఏదైనా సరే.

పరీక్ష మాటకొస్తే, నాలుగు పాదాలిచ్చి వాటి మీదే ప్రశ్నలడిగే పద్ధతి ఉంది. సారాంశం మాత్రమే చదివినవాళ్ళు అక్కడ తడబడతారు. గైడు ఉండనివ్వండి, చివర్లో సరిచూసుకోవడానికి.

'ది ప్రపోజల్'లో పాత్రలు మూడే, మీ ఇంట్లోనూ ముగ్గురే అన్నారు. ఆదివారం మీ వారికి తండ్రి చుబుకోవ్ పాత్ర, అమ్మాయికి నటాల్యా, మీకు లోమోవ్. పక్కింటివారికి మాత్రం ముందే చెప్పి ఉంచండి, నిజంగా పోట్లాడుకుంటున్నారనుకుని తలుపు తడతారు.