కేంద్రకం లేని ఎర్ర రక్తకణం ఎలా బతుకుతుంది?

మీ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న అండీ. కేంద్రకం కణానికి మెదడు లాంటిదైతే, అది లేని ఎర్ర రక్తకణం ఎలా బతుకుతుందని కదా? చిక్కంతా ఆ మెదడు పోలికతోనే. కేంద్రకాన్ని ప్రొటీన్లు ఎలా తయారు చేయాలో చెప్పే వంటల పుస్తకం అనుకోమనండి, వంట అయిపోతే పుస్తకంతో పనుండదు. ఎముక మజ్జలో ఉన్నప్పుడు ఈ కణానికీ కేంద్రకం ఉంటుంది. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ తయారీ చాలావరకు అయ్యాక దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ ఖాళీ కూడా హిమోగ్లోబిన్‌కే. ఒక్కో కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి!

ఆకారం అర్థం కావాలంటే గారెల పిండి ముద్దను రెండు వైపులా వేలితో నొక్కి చూపించండి, చిల్లు మాత్రం పడకూడదు. అలా పలచగా ఉండబట్టే ఆక్సిజన్ చకచకా లోపలికీ బయటికీ వెళ్తుంది. 7-8 మైక్రోమీటర్ల కణం తనకన్నా సన్నటి రక్తకేశనాళికలో మడతపడి మరీ దూరిపోతుంది.

నాకు బాగా నచ్చే విషయం ఇంకోటి ఉంది. దీనికి మైటోకాండ్రియా, అంటే ఆక్సిజన్‌ను వాడి శక్తిని తయారు చేసే కణభాగాలు కూడా ఉండవు. అందుకే మోసే ఆక్సిజన్‌ను తాను వాడుకోదు, ఆక్సిజన్ అవసరం లేకుండానే గ్లూకోజ్‌ను విడగొట్టి శక్తి తెచ్చుకుంటుంది. కాకపోతే కొత్త ప్రొటీన్లు తయారు చేసుకోలేదు కాబట్టి సుమారు 120 రోజులే బతుకుతుంది.

పరీక్షలో మాత్రం ‘క్షీరదాల్లో’ అని తప్పక రాయమనండి. కప్పలు, పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది.