అతిపెద్ద ప్రధాన అంకె 7

సందేహం: ప్రపంచంలోనే అతిపెద్ద ప్రధాన అంకెను కనిపెట్టారని ఒకచోట చదివి మావాడికి చెప్పాను. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ‘అంకె కాదమ్మా, సంఖ్య’ అని నన్నే దిద్దాడు. రెండూ ఒకటే కదండీ? అసలు దాంట్లో ప్రధానం ఏముంది?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీవాడి మాటే ఒప్పమ్మా. 0 నుంచి 9 దాకా ఉన్న పదీ అంకెలు. వాటితో రాసేది సంఖ్య. అక్షరానికీ మాటకీ ఉన్న తేడాయే ఇదీ. ‘ఈ ఇల్లు’ అన్నప్పుడు ‘ఈ’ అక్షరమూ అవుతుంది, మాటా అవుతుంది. 7 కూడా అంతే, అంకె, సంఖ్య రెండూను. 1 కంటే పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోనిది ప్రధాన సంఖ్య. ఆ లెక్కన ప్రధాన అంకెలు 2, 3, 5, 7 నాలుగే. అన్నిట్లోకీ పెద్దది 7. దానికి కంప్యూటర్లు అక్కర్లేదు, వేళ్లు చాలు!

మీరు చదివింది బహుశా 2024 అక్టోబరు నాటి సంగతి. 2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి, వచ్చిన దాంట్లోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది. ల్యూక్ డ్యూరంట్ అనే ఆయన కనుక్కున్నారు. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. చూశారా, ఇక్కడ మాత్రం ‘అంకెలు’ అనే అనాలి. క్రికెట్ వార్తల్లో ‘రెండంకెల స్కోరు దాటలేదు’ అని సరిగ్గానే రాస్తారు. ‘అంకెల గారడీ’ లాంటి పలుకుబళ్లలో సంఖ్యల్ని అంకెలనడం వాడుకలో స్థిరపడింది, దాని జోలికి పోనక్కర్లేదు. లెక్కల విషయం రాసేటప్పుడే జాగ్రత్త.

మరి ‘ప్రధానాంకం’ అంటారు కదా అనొచ్చు. అది తప్పు కాదు. సంస్కృతంలో అంకం అంటే సంఖ్య అనే అర్థమూ ఉంది. దాన్నుంచి వచ్చిన మన ‘అంకె’కే అర్థం కుదించుకుపోయింది.

ఇక ప్రధానం సంగతి. లాటిన్‌లో ‘ప్రైమస్’ అంటే మొదటిది. ఇంగ్లీషు ‘ప్రైమ్’ అందులోంచి వచ్చింది, మనం దాన్ని ‘ప్రధాన’ చేసుకున్నాం. 30ని 2×3×5గా విడగొట్టొచ్చు, 5ను ఇక విడగొట్టలేం. మిగతావాటికి ఇవి మూలం, అదే వీటి ప్రాధాన్యం. హిందీవాళ్ల ‘అభాజ్య సంఖ్య’లో ఆ గుణం ఇంకా సూటిగా తెలుస్తుందని నాకనిపిస్తుంది. కానీ పాఠ్యపుస్తకాల్లో కుదురుకున్న మాటను ఇప్పుడు మార్చడం దండగ.

మీవాడు పట్టుకోని తప్పు ఇంకోటుంది. ‘అతిపెద్ద’ ముందు ‘తెలిసినవాటిలో’ అనే మాట పోయింది. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండువేల ఏళ్ల కిందటే తేల్చాడు. మీ దగ్గరున్న ప్రధాన సంఖ్యలన్నీ గుణించి 1 కలపండి. 2, 3, 5, 7, 11, 13తో చేస్తే 30,031 వస్తుంది. ఆ ఆరింటిలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. మరి దాన్ని విడగొడితే? 59×509. రెండూ ప్రధాన సంఖ్యలే, మీ జాబితాలో లేనివే. అంటే ఎంత జాబితా వేసినా దాని బయట ఇంకో ప్రధాన సంఖ్య ఉండనే ఉంటుంది.