తక్కువకు వస్తున్న సెకండ్‌హ్యాండ్ కేమన్: ఆ ధర సబబేనా?

మీరు అడిగింది ఇది: 2007 మోడల్ పోర్షే కేమన్ ఎస్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లు, 92,000 కిలోమీటర్లు, ఇద్దరు ఓనర్ల చేతులు మారింది. ప్రకటనల్లో ఉన్న మిగతా కేమన్ల కంటే 12 శాతం తక్కువ చెబుతున్నారు. బేరం మంచిదేనా, లేక లోపల ఏదైనా ఉందా?

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ 12 శాతాన్ని బట్టి ఏమీ తేల్చలేం. మీరు పోల్చింది అడుగుతున్న ధరలతో. అడిగే ధర వేరు, తెగే ధర వేరు. ఇవాళ ప్రకటనల్లో కనబడుతున్న కార్లు ఇంకా అమ్ముడుపోనివి కదా. సరైన ధరకు పెట్టినవి వారం పది రోజుల్లో వెళ్ళిపోయాయి, వాటిని మీరు చూడనే లేదు. మిగిలిన వాటితో పోలిస్తే ఏ కారైనా చవగ్గానే కనబడుతుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న విషయం. నా మొదటి స్పోర్ట్స్ కారు పేరెందుకు లెండి, రెండు సీట్లది, పైకప్పు మడిచేది. ఒక్కో చోట ఒక్కో డబ్బు కాబట్టి, ఆ మోడల్ మామూలు ధర 100 అనుకుందాం. నాకు 90కి వచ్చింది. పది మిగిలిందని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. తర్వాత పద్నాలుగు నెలల్లో క్లచ్, నాలుగు టైర్లు, వెనక షాక్ అబ్జార్బర్లు, ఏసీ కండెన్సర్, అన్నీ కలిపి ఇంకో 27 పెట్టాను. అంటే 117. తమాషా ఏమిటంటే, అదే నెలలో ఇంకొకాయన ఈ పనులన్నీ చేయించి, బిల్లులతో సహా 106కి ఇస్తానన్నాడు. "మరీ ఎక్కువ చెబుతున్నాడు" అని నేనే ఫోన్ పెట్టేశాను.

అప్పటినుంచి నా లెక్క ఒక్కటే. తెగిన ధర ఎంతో తెలుసుకోవాలి, అందులోంచి రాబోయే రెండేళ్ళలో పడే ఖర్చు తీసేయాలి. మిగిలిందే ఆ కారు ధర. స్పోర్ట్స్ కార్లకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే పాతబడ్డ కొద్దీ కారు ధర పడిపోతుంది గానీ, విడిభాగాల ధర అలా పడదు. సగం ధరకు కొన్న కారుకు బ్రేక్ డిస్కులు సగం ధరకు రావు.

తెగిన ధర తెలియాలంటే ఓపిక కావాలి. నా రెండో కారు కొనేముందు ఎనిమిది వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం ప్రకటనలన్నీ చూసి, ఏ కారు ఎంతకు పెట్టారు, ఎప్పుడు తగ్గించారు, ఎప్పుడు మాయమైంది అని రాసుకున్నాను. నెల గడిచేసరికి అర్థమైపోతుంది: ఒక స్థాయి దగ్గర పెట్టినవి చకచకా వెళ్ళిపోతుంటాయి, దానిపైన పెట్టినవి అలాగే పడి ఉండి రెండుసార్లు ధర తగ్గించుకుంటాయి. ఇక బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి వేలం సైట్లలో ఎంతకు అమ్ముడైందో అందరికీ కనబడుతుంది. అక్కడ అమ్ముడుపోని కార్లను కూడా వదలకండి. ఎంతవరకు పాట పాడారో ఉంటుంది కదా, ఆ ధరకు ఓనరు ఇవ్వనన్నాడనీ, కొనేవాళ్ళు అంతకు మించి రాలేదనీ రెండూ తెలుస్తాయి.

పోల్చేటప్పుడు ఒకే రకం కారుతో పోల్చండి. 2009 మోడల్ నుంచి కేమన్‌లో ఇంజన్ కుటుంబమే మారింది. పాత ఇంజన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని లోపల తిరిగే ఇరుసు ఒకటుంటుంది, దాని బేరింగ్ చెడితే ఇంజనే పోతుందన్న భయం గురించి మీరు వినే ఉంటారు. కొత్తదాంట్లో ఆ షాఫ్టే లేదు. రెండింటి మధ్య ధరలో తేడాకు ఇదొక పెద్ద కారణం. కాబట్టి మీ 2007 కారును 2010 కారుతో పోల్చి చవక అనుకోవద్దు. మాన్యువల్‌ను ఆటోమేటిక్‌తో కూడా కలపకండి. రంగు, సీట్ల తోలు, స్టీరియో, వీటి గురించి అమ్మేవాళ్ళు గంటసేపు చెబుతారు గానీ, ఇంత పాత కారులో వాటికి పెద్దగా విలువ కట్టక్కర్లేదు.

బేరింగ్ భయం విషయానికొస్తే, ఎక్కువగా చెడిపోయినవి అంతకుముందు, సుమారు 2000 నుంచి 2005 వరకు వచ్చిన సన్న బేరింగులు. మీ కారులో ఉన్నది పెద్ద బేరింగ్, అది చెడిపోవడం బాగా అరుదు. కాకపోతే దాన్ని మార్చాలంటే ఇంజన్‌నే విప్పాలి. నన్నడిగితే ఈ 3.4 లీటర్ల ఇంజన్‌లో దానికంటే సిలిండర్ గోడల మీద గీతలు పడటం గురించి ఎక్కువ ఆలోచించాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి లోపలికి సన్న కెమెరా పంపి చూస్తారు. ఇంజన్ వేడెక్కాక టక్ టక్ శబ్దం, ఆయిల్ త్వరత్వరగా తగ్గిపోవడం, పొగగొట్టం చివర మామూలు కంటే ఎక్కువ మసి, ఇవి ఉంటే ధర గురించి మాట్లాడకుండా వచ్చేయండి. ఆ రిపేరు ఖర్చు ముందు 12 శాతం తగ్గింపు ఏ మూలకూ రాదు.

ఇక కారు దగ్గరికి వెళ్ళినప్పుడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలని అందరూ చెబుతారు. నేనూ మొదటిసారి కేమన్ చూడ్డానికి వెళ్ళి, తెలివిగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. సంతోషపడ్డాను. ఓనరు ఏమీ అనలేదు, పాపం నవ్వు ఆపుకున్నాడు. కేమన్‌లో ఇంజన్ ఉండేది సీట్ల వెనక, బానెట్ కింద సామాన్ల డిక్కీ! మీరు పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, లేదా తాళం తిప్పి టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో చూడండి.

తర్వాత టైర్లు. రబ్బరు ఎంత మందం ఉందని కాదు, ఎప్పటిదని. టైరు పక్కగోడ మీద DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలు చూడాలి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. చాలాసార్లు ఈ అంకెలు టైరుకు ఒకవైపే ఉంటాయి, ఆ వైపు లోపలికి ఉంటే నేలమీద పడుకుని ఫోన్ లైట్ వేసి చదవాలి. నా మొదటి కారుకు నేనీ పని చేయలేదు. గాడులు లోతుగా ఉన్నాయి, కొత్త టైర్లే అనుకున్నాను. కొన్న మూడో వారంలో సన్నటి వాన, ఒక సర్కిల్ దగ్గర నెమ్మదిగానే తిప్పుతున్నాను, వెనక భాగం సబ్బు మీద జారినట్టు పక్కకు వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి చూస్తే వెనక టైర్లు తొమ్మిదేళ్ళవి, ముందువి రెండు వేర్వేరు కంపెనీలవి. టైర్ల దగ్గర కక్కుర్తి పడిన ఓనరు, కంటికి కనబడని ఇంజన్ ఆయిల్ దగ్గర పొదుపు చేయలేదంటారా?

తక్కువ కిలోమీటర్లు చూసి కూడా మురిసిపోవద్దు. పదేళ్ళు షెడ్డులో కూర్చున్న కారుకు సీళ్ళు ఎండిపోతాయి, కూలెంట్ గొట్టాలు గట్టిపడతాయి. ఏటా ఆయిల్ మార్పించుకుంటూ 92,000 తిరిగిన కారు, 30,000 మాత్రమే తిరిగి బిల్లు ఒక్కటీ లేని కారు కంటే నాకు నయం. బిల్లులు అడిగినప్పుడు "అన్నీ పక్కాగా చేయించాను, కాగితాలే ఎక్కడో పెట్టాను" అంటే చేయించలేదనే లెక్కేసి ధర చెప్పండి.

ఇప్పుడు అసలైన పరీక్ష. ఈ మోడల్ బాగా తెలిసిన, అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌తో చూపించండి. నాకైతే కారు ధరలో వందకు ఒకటి కంటే తక్కువే అయింది. ఊరికే "అంతా చూడండి" అనకుండా, ఇంజన్ కంప్యూటర్‌లోంచి రెండు సంగతులు తీయించమని ప్రత్యేకంగా అడగండి.

ఒకటి, ఇంజన్ నడిచిన గంటలు. ఓడోమీటర్ మీదున్న కిలోమీటర్లను ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. ఇప్పుడు నా దగ్గరున్న కేమన్ కొన్నప్పుడు 74,000 కిలోమీటర్లు, 1,510 గంటలు. సగటు 49, నమ్మేలా ఉంది. అంతకుముందు చూసిన ఒక కారులో 61,000 కిలోమీటర్లకు 2,900 గంటలున్నాయి. సగటు 21! "ఎప్పుడూ ట్రాఫిక్‌లోనే తిప్పానండీ" అన్నాడాయన. నిజమే కావచ్చు, మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చు కూడా. ఏదైనా నాకొకటే. ఇంజన్ 2,900 గంటలు తిరిగింది, క్లచ్ ట్రాఫిక్‌లో అరిగింది, నేను మాత్రం 61,000 కిలోమీటర్ల కారు ధర ఎందుకివ్వాలి?

రెండోది, ఇంజన్ పరిమితి దాటి ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క. మాన్యువల్ కార్లకు ఇది ప్రాణం. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా రెవ్ లిమిటర్ ఇంజన్‌ను ఒక హద్దు దగ్గర ఆపేస్తుంది, దాంతో భయం లేదు. కానీ వేగంగా పోతూ ఐదులోంచి నాలుగులోకి వేయబోయి పొరపాటున రెండులో వేస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి. అప్పుడు లిమిటర్ చేయగలిగిందేమీ లేదు. కంప్యూటర్ దీన్ని రెండో శ్రేణి అని విడిగా రాసుకుంటుంది, చివరిసారి ఎన్నో గంట దగ్గర జరిగిందో కూడా. అంకె చూసి హడలిపోకండి, అది స్పార్కుల లెక్క. 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఆరు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 400 స్పార్కులు పడతాయి, కాబట్టి 200 అంటే అర సెకను. నేను చూసేది ఎప్పుడు జరిగిందని. 400వ గంటలో జరిగి, కారు ఇప్పుడు 1,800 గంటల దగ్గర ఉంటే, పాడయ్యేదైతే ఈపాటికి పాడయ్యేది. ఇరవై గంటల క్రితం జరిగి, ఇప్పుడు అమ్మకానికి పెట్టారంటే మాత్రం నేను ముట్టుకోను.

పెయింట్ మందం కొలిచే మీటరు కూడా తెమ్మనండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100-150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఒక తలుపు మీద ఉన్నట్టుండి 300 చూపిస్తే మళ్ళీ రంగు వేశారు, ఇంకా చాలా ఎక్కువ చూపిస్తే కింద పుట్టీ ఉంది. కేమన్ ముందు బంపర్ ప్లాస్టిక్, దాని మీద మామూలు మీటరు పనిచేయదు. ఒకవేళ బంపర్‌కు రంగు వేయించారని తెలిసినా దాని మీద బేరం ఆడకండి, కారు నేలకు అంత దగ్గరగా ఉంటే చిన్న రాళ్ళు తగలక మానవు. వెనక చక్రం పైనుండే రేకు మీదో, పైకప్పును మోసే స్తంభాల మీదో మందం తేడా వస్తే అది వేరే కథ.

ఎగ్జాస్ట్ మార్చాం, స్ప్రింగులు మార్చాం, దానికే ఇంత పెట్టాం అని చెబితే విని ఊరుకోండి. వాటికి అదనంగా ఇవ్వక్కర్లేదు. తీసేసిన కంపెనీ భాగాలు దగ్గరున్నాయా అని అడగండి, లేకపోతే అవి కొనే ఖర్చును కూడా తగ్గించమని అడగొచ్చు.

ఇవన్నీ అయ్యాక మీ కారుకు లెక్క ఇలా ఉంటుంది. ప్రకటనల సగటు 100 అయితే, నేను రాసుకున్న రెండు నెలల్లో తెగిన ధరలు 93 చుట్టూ ఉండేవి. మీ దగ్గరా అలాగే ఉంటే, 88 అంటే నిజంగా మీకు మిగిలేది ఐదే. క్లచ్, టైర్లు, ముందు బంపర్ గాలి రంధ్రాల్లో ఆకులు పేరుకుని తుప్పుపట్టే కండెన్సర్లు, వాటర్ పంప్, వీటిలో ఏవి ఈ మధ్య మార్చారో బిల్లులు చూసి, మార్చనివాటికి మెకానిక్ దగ్గర రేటు రాయించుకోండి. క్లచ్చూ టైర్లూ రెండూ బాకీ ఉంటే ఆ ఐదు అక్కడే అయిపోతుంది, ఇంకా చేతినుంచి పడుతుంది. రెండూ కొత్తవైతే 88 మంచి ధరే, నేనైతే కొంచెం బేరమాడి తీసేసుకుంటాను.

ఒక్కటి మాత్రం పాటించండి. టెస్ట్ డ్రైవ్ చేసిన రోజున ధర మాట్లాడకండి. ఆ ఇంజన్ శబ్దం వీపు వెనక వింటూ వచ్చాక నేనూ ఒకసారి అడిగిన ధరకు సరే అనబోయాను, అదృష్టం కొద్దీ చెక్‌బుక్ ఇంట్లో మరిచిపోయాను.

టైర్ల అంకెలూ, ఇంజన్ గంటలూ, చివరి క్లచ్ బిల్లు తేదీ తెలిశాక ఇక్కడే రాయండి. ఎంతకు అడగాలో కలిసి లెక్కేద్దాం.