సర్టిఫికెట్ ఉంది, ఇంటర్వ్యూలో మాత్రం నోరు పెగల్లేదు

ప్రశ్న: డిగ్రీ అయ్యాక డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి, గూగుల్ యాడ్స్ సెర్చ్ (గూగుల్‌లో వెతికేవాళ్లకు యాడ్స్ చూపించే పని) సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఇంటర్వ్యూలో ‘ఆన్‌లైన్ స్టోర్ యాడ్స్ అకౌంట్ చేతికిస్తే, ఖర్చు పెంచకుండా అమ్మకాలు పెంచడానికి ముందు ఏం చూస్తారు?’ అని అడిగారు. బిడ్లు (ఒక్కో క్లిక్‌కు ఇస్తామని చెప్పే రేటు) తగ్గిస్తానన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైగా ఇదంతా ఇక ఏఐనే చేసేస్తుందని ఫ్రెండ్స్ అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఈ లైన్‌లో ఉండమంటారా?

జవాబు: ఉండండి. బిడ్ల జోలికి వెళ్లడం తప్పు కాదు, కానీ అది చివర్లో చేసే పని. ఇక ఆ సర్టిఫికెట్ పరీక్ష ఉచితం, 80 శాతం వస్తే పాస్, ఏడాది మాత్రమే చెల్లుతుంది. ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తుంది, లోపల మాట్లాడాల్సింది మీరే.

ముందు చూడాల్సింది లెక్క సరిగ్గా పడుతోందా లేదా అన్నది. ఆర్డర్ పెట్టగానే వచ్చే ‘థాంక్యూ’ పేజీని కస్టమర్ మళ్లీ రిఫ్రెష్ చేస్తే ఇంకో ఆర్డర్ వచ్చినట్టు నమోదయ్యే అకౌంట్లు ఉంటాయి. ప్రతి ఆర్డర్‌కూ ట్రాన్సాక్షన్ ఐడీ (ఆ ఆర్డర్‌కే ప్రత్యేకమైన నంబర్) పంపిస్తే ఆ గొడవ ఉండదు. స్టోర్‌లో వచ్చిన అసలు ఆర్డర్లనూ అకౌంట్‌లో కనిపించే కన్వర్షన్లనూ (యాడ్ వల్ల వచ్చాయని నమోదైన ఆర్డర్లు) పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పని చాలామంది చేయరు.

తర్వాత సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్. నన్నడిగితే ఈ ఉద్యోగంలో సగం అక్కడే ఉంది. కీవర్డ్ అంటే మనం పెట్టుకున్న మాట, సెర్చ్ టర్మ్ అంటే జనం నిజంగా టైప్ చేసిన మాట. లెదర్ షూస్ అమ్మే స్టోర్ ‘లెదర్ షూస్’ అని బ్రాడ్ మ్యాచ్‌లో (దానికి సంబంధమున్న వేరే మాటలు వెతికినా యాడ్ చూపించే పద్ధతి) పెట్టిందనుకోండి. రిపోర్ట్ తెరిస్తే ‘లెదర్ షూస్ పాలిష్ చేయడం ఎలా’, ‘షూ రిపేర్’ లాంటివి బయటపడతాయి. వాళ్లెవరూ కొనడానికి రాలేదు, క్లిక్‌కు మాత్రం డబ్బు పోయింది. ‘రిపేర్’, ‘పాలిష్’ అనే మాటల్ని నెగటివ్ కీవర్డ్స్‌గా (ఆ మాటతో వెతికితే యాడ్ చూపించొద్దని చెప్పేవి) చేర్చాలి. ఇక్కడ తొందరపడినా నష్టమే. ఊరికే వచ్చేవాళ్లు వద్దని ‘ఫ్రీ’ని నెగటివ్‌లో పెడితే, ‘ఫ్రీ డెలివరీ’ అని వెతికే మంచి కస్టమర్ కూడా పోతాడు. నెగటివ్స్‌లో ఏకవచనం, బహువచనం వేరువేరుగా ఇవ్వాలన్నది కూడా గుర్తుంచుకోండి.

క్వాలిటీ స్కోర్ మీకు తెలిసే ఉంటుంది: ఒక్కో కీవర్డ్‌కు గూగుల్ 1 నుంచి 10 వరకు ఇచ్చే మార్కు. క్లిక్ వచ్చే అవకాశం, వెతికినదానికి యాడ్ ఎంత దగ్గరగా ఉంది, క్లిక్ చేశాక వచ్చే పేజీ ఎలా ఉంది అన్నవి చూస్తారు. నల్ల ఫార్మల్ షూస్ వెతికినవాడిని హోమ్ పేజీలో దించితే వెనక్కి పోతాడు. నేరుగా ఆ షూస్ ఉన్న పేజీలో దించండి. యాడ్ రాయడం కూడా తేలికేం కాదు. ఒక్కో యాడ్‌కు 15 హెడ్‌లైన్ల దాకా ఇవ్వొచ్చు, ఒక్కోటి 30 అక్షరాలు దాటకూడదు. పదిహేనింటిలో ఒకే మాట తిప్పితిప్పి రాసేవాళ్లే ఎక్కువ.

ఏఐ సంగతి. బిడ్లు వేయడం ఇప్పుడు చాలావరకు మెషీన్ పనే, అందులో దాంతో పోటీపడకండి. అయితే అది మనం చూపించిన కన్వర్షన్లను చూసే నేర్చుకుంటుంది. పైన చెప్పిన దొంగ లెక్క ఇస్తే, తప్పుదారిలో ఇంకా వేగంగా డబ్బు తగలేస్తుంది. దానికి సరైన లెక్క అందించే మనిషి కావాలి. ఆ ఉద్యోగానికే మీరు ప్రయత్నించాలి.

ప్రాక్టీస్‌కు ఇంకో కోర్సు కొనకండి. తెలిసినవాళ్లలో ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్మేవాళ్లుంటే, రెండు నెలలు అకౌంట్ చూసుకుంటానని అడగండి. ఏ తేదీన ఏం మార్చారో, ఎందుకు మార్చారో, తర్వాత ఏమైందో ఒక షీట్‌లో రాసుకోండి. పనిచేయని మార్పులు కూడా అందులో ఉండనివ్వండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు ఆ షీట్ తెరవండి.

మళ్లీ అదే ప్రశ్న ఎదురైతే, ‘ఒక ఆర్డర్ మీద మీకు ఎంత మిగులుతుంది?’ అని వాళ్లనే ఎదురు అడగండి. 50 క్లిక్కులకు ఒక ఆర్డర్ వస్తూ, ఆ ఆర్డర్ మీద మిగిలేది 40 క్లిక్కుల ఖర్చే అయితే, అమ్మకాలు పెరిగేకొద్దీ నష్టమే పెరుగుతుంది. బిడ్ తగ్గించాలో వద్దో అప్పుడు మాట్లాడొచ్చు.