రేపటి లోడు సంగతి ఈ రోజే చెప్పాలి

కొలువు – కష్టసుఖం

(రొయ్యల ప్లాంటులో పీలింగ్ (పెంకు ఒలిచే) బల్ల దగ్గర మొదలుపెట్టి ప్రొడక్షన్ మేనేజరుగా రిటైరైన నెల్లూరు ఆవిడ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ సెక్షన్లో పనిచేసేదాన్ని. ఈమధ్యే పీలింగ్ హాలుకు సూపర్‌వైజర్‌ని చేశారు. నా వయసు 26. హాల్లో 60 మంది ఆడవాళ్ళు, సగంమంది మా అమ్మ వయసువాళ్ళు. మెత్తగా చెబితే నవ్వుతారు. గట్టిగా అంటే మర్నాడు పదిమంది పనికి రారు. రాత్రి రొయ్యల లోడు వచ్చినప్పుడు ఉండమంటే పెద్ద గొడవ. మా మేనేజరు ‘నీకు లీడర్‌షిప్ లేదు’ అంటున్నారు. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో చేరమంటారా?
– ఒక సోదరి, ముత్తుకూరు మండలం

జవాబు: అమ్మాయ్, చేరితే చేరు, వద్దనను. కానీ నీ ఉత్తరంలో నాకు కనిపించింది మీ మేనేజరు చెప్పిన లోపం కాదు. ‘రాత్రి ఉండమంటే గొడవ’ అన్నావు చూడు, ముడి అక్కడుంది. ఉండమన్న మాట వాళ్ళకు ఎప్పుడు చెబుతున్నావు? నేను చూసిన చోటల్లా సాయంత్రం ఏప్రాన్ విప్పే వేళకే ఆ మాట వచ్చేది. అప్పటికి ఇందుకూరుపేట వైపు పోయే ఆటో గేటు బయట హారన్ కొడుతుంటుంది. బిడ్డ బడి నుంచి ఇంటికి వచ్చేసి ఉంటుంది. నా పక్క బల్ల మీద చేసే ఒక పెద్దావిడ సూపర్‌వైజరుతో అన్న మాట నాకింకా గుర్తు: “పొద్దున్నే చెప్పుంటే బిడ్డని మా అత్తకాడ ఇడిసిపెట్టి వచ్చుందును గదా సార్. ఇప్పుడు చెప్తే నేనేం జేసేది?” పని చేయనని ఆవిడ అనలేదు. ఆయన మాత్రం మాట వినని మనిషిగా లెక్కగట్టి, తర్వాత వారమంతా ఆమెతో ముభావంగా ఉన్నాడు.

లోడు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసని అంటావేమో. కొనుగోలు సెక్షన్‌కి తెలుసు. అల్లూరులోనో విడవలూరులోనో ఒక చెరువు పట్టుబడి పెట్టారంటే ముందు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూడాలి, రేటు మాట్లాడాలి, వలలవాళ్ళు, ఐసు, బండి అన్నీ కుదరాలి. అప్పటికప్పుడు జరిగే పని కాదది. ఆ కబురు ఆఫీసు గదిలోనే ఆగిపోతోంది, హాలు దాకా రావడంలేదు. మధ్యాహ్నం మూడు గంటలకల్లా నువ్వే అక్కడికి పోయి అడుగు: రేపు ఏ చెరువులు, ఎన్ని టన్నులు, ఏ కౌంటు? బట్టలు మార్చుకునే గదిలో ఒక బోర్డు పెట్టి తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి. చదువు రానివాళ్ళకు నోటితో చెప్పు. “రేపు లోడు ఆలస్యంగా వస్తుంది, ఎవరెవరు ఉండగలరు?” అని ముందు రోజే అడుగు. వానొచ్చో, బండి చెడిపోయో లోడు తప్పితే ఆ సంగతీ చెప్పు. చెప్పింది జరగనందుకు వాళ్ళు నిన్ను తప్పుపట్టరు. చెప్పకుండా దాస్తే మాత్రం ఊరుకోరు.

కౌంటు ఎందుకు అడగమన్నానో వివరంగా చెబుతాను. చాలా గొడవలు ఇక్కడే పుడతాయి, పైవాళ్ళకు కనపడవు. చెరువు లెక్కలో 30 కౌంటంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంటంటే కిలోకు 100. టన్ను సరుకులో మొదటి రకమైతే ఒలవాల్సినవి 30 వేలు, రెండో రకమైతే లక్ష. ఆఫీసు కాగితంలో రెండూ టన్నే. ఐసు నీళ్ళలో మొద్దుబారిన వేళ్ళకు మాత్రం మూడింతలకు పైగా తేడా. మేము టైగర్ రొయ్య ఒలిచిన రోజుల్లో పెద్ద సైజులు బాగా తగిలేవి. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక చిన్న సైజు సరుకు పెరిగింది. కిలో లెక్కన కూలి ఇచ్చే చోట సైజును బట్టి రేటు మారకపోతే, చిన్న రొయ్య పడిన బల్ల ఆ రోజు నష్టపోయినట్టే. కాబట్టి ఒక వారం గమనించు: పెద్ద సైజు ట్రేలు ఏ బల్లకు పోతున్నాయి? ఎప్పుడూ మేస్త్రీకి కావలసినవాళ్ళ బల్లకే పోతుంటే, నువ్వు న్యాయం గురించి ఎంత మెత్తగా మాట్లాడినా వాళ్ళకు నవ్వే వస్తుంది. బల్లల వంతు రోజూ మార్చు. ఆ వంతు కూడా బోర్డు మీద ఎక్కించు. మేస్త్రీ మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

ఇక పని నేర్పడం. కొత్తపిల్ల రొయ్య వీపు మీద కత్తిగీత లోతుగా దించిందనుకో, కండ చీలి సరుకు బ్రోకెన్ (చీలిన ముక్కల) కింద పోతుంది. హాలు ఆ చివర నుంచి “ఎవరే ఆ బల్ల?” అని అరిస్తే ఆ పిల్ల చెయ్యి ఇంకా వణుకుతుంది తప్ప గీత సన్నబడదు. దగ్గరికి పో. ఎదురుగా నిలబడొద్దు, కుడి ఎడమలు తారుమారుగా కనపడతాయి. పక్కనే నిలబడి, కాళ్ళ వైపు బొటనవేలు పెట్టి పెంకు విప్పడం, వీపు మీద కత్తిమొనతో పైపైన గీసి నల్ల నరం ఎత్తడం నిదానంగా చేసి చూపించు. తర్వాత ఆమె చేత చేయించు. ఎందుకలా చేస్తున్నదో ఆమె నోటితోనే చెప్పించు. ఓ గంట పోయాక మళ్ళీ వచ్చి చూడు.

ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. 1940లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఫ్యాక్టరీ ముఖం చూడనివాళ్ళకు త్వరగా పని నేర్పాల్సి వచ్చి అమెరికాలో ‘ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం పెట్టారు. అది సూపర్‌వైజర్ల కోసమే. యుద్ధం అయ్యాక జపాన్‌కు పోయింది, టయోటా కంపెనీ దాన్ని బాగా వంటబట్టించుకుంది. పనివాడు నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదన్నట్టేనని అందులో గట్టిగా చెబుతారు. మనుషులతో మెలగడానికి నాలుగు సూత్రాలు పెట్టారు: పని ఎలా చేస్తున్నారో ఎవరిది వాళ్ళకు చెప్పడం, మంచి పని చేస్తే మెచ్చుకోవడం, తమ మీద ప్రభావం చూపే మార్పుల గురించి ముందుగా చెప్పడం, ఎవరిలో ఏ నేర్పుందో కనిపెట్టి వాడుకోవడం. మూడోది మన లోడు సంగతే కదా!

నాలుగోదాన్ని మీ హాల్లో పెద్దవాళ్ళతో మొదలుపెట్టు. అందరికంటే నున్నగా ఒలిచే పెద్దావిడ ఎవరో అందరికీ తెలుసు. “పెద్దమ్మా, ఈ ఇద్దరు పిల్లలకూ నువ్వు చూపించు” అని అడుగు. నేర్పే వేళ ఆమె కిలోలు తగ్గుతాయి, ఆ కూలి పోకుండా చూడు. అక్కా, పిన్నీ అని పిలువు. ఏప్రాన్ మీది నంబరుతో మనిషిని పిలవొద్దు. తప్పు చెప్పాలంటే పక్కకు పిలిచి చెప్పు. మానేసిన మనిషి మర్నాడు వస్తే, “ఎందుకు రాలేదు?” అనకుండా “ఏమైందక్కా?” అని మొదలుపెట్టు.

మీ మేనేజరు దగ్గర మాత్రం మెత్తబడొద్దు. ముందుగా చెప్పిన రోజున ఎంతమంది ఉన్నారు, చెప్పని రోజున ఎంతమంది ఉన్నారు, నెల పాటు రాసి ఆయన బల్ల మీద పెట్టు. ఓవర్‌టైముకు చట్టప్రకారం మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలి. రాత్రి ఏడు దాటాక ఆడవాళ్ళు పనిలో ఉండాలంటే వాళ్ళ సమ్మతి ఉండాలి, భద్రత యాజమాన్యమే చూసుకోవాలి. ఇంటికి దింపే బండి లేకుండా, రెట్టింపు ఇవ్వకుండా 60 మందిని ఆపడం ఏ లీడర్‌షిప్ వల్లా కాదు. ఆ మాట ఆయనకు చెప్పడం కూడా నీ ఉద్యోగంలో భాగమే.

ప్రశ్న: చీమకుర్తి దగ్గర మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. బీటెక్ అయ్యాక నాన్న నన్ను చూసుకోమన్నారు. నేనొకటి చెబితే ఆపరేటర్లు ‘పెద్దాయన్ని అడిగి చేస్తాం’ అంటారు. నాన్న వచ్చి నేను చెప్పింది మార్చేస్తారు. మనుషుల్ని దారిలో పెట్టేదెలా?
– ఒక సోదరుడు, ఒంగోలు

జవాబు: నాయనా, దారిలో పెట్టాల్సింది పనివాళ్ళను కాదు. ఒకే మిషను మీద రెండు నోళ్ళు ఆర్డరు వేస్తుంటే, జీతమిచ్చే నోటినే వాళ్ళు వింటారు. అందులో వాళ్ళ తప్పేం లేదు. ఇంట్లో అన్నం తిన్నాక నాన్నతో కూర్చుని పనులు పంచుకో. అన్నీ ఒకేసారి అడగొద్దు. ముందు సెలవులూ షిఫ్టులూ నీవి, లేదా లోడింగు నీది. ఏదో ఒకటి పూర్తిగా అడుగు. ఆ ఒక్కదాంట్లో ఎవరైనా తన దగ్గరికి వస్తే “అబ్బాయిని అడగండి” అనాలని నాన్నను ఒప్పించు. తేడా వస్తే ఇద్దరూ ఇంట్లోనే తేల్చుకోండి, షెడ్డులో మాత్రం కాదు.

పాత ఆపరేటరు దగ్గర నువ్వు నేర్చుకోవాల్సింది చాలా ఉంటుంది. గెలాక్సీ గ్రానైట్ పలక తడి మీద అరచెయ్యి ఆనించి పాలిష్ ఎక్కడ తక్కువైందో చెప్పే మనిషిని బీటెక్ సర్టిఫికెట్‌తో ఒప్పించలేవు. కొన్నాళ్ళు అతని పక్కన నిలబడి చూడు. ఒడిశా, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్ళుంటే పనికి సరిపడా హిందీ నేర్చుకో, వాళ్ళ పండగలకు సెలవు ముందే ఖాయం చెయ్యి.

ప్రశ్న: ప్రమోషన్ రావాలంటే ఎంబీఏ తప్పనిసరా? ఉద్యోగం మానకుండా చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: చేయొచ్చు. ఇగ్నో లాంటి దూరవిద్య సంస్థల్లో ఆ సదుపాయం ఉంది. ఖాతాలు, ఖర్చుల లెక్క, మార్కెటింగు అర్థం కావడానికి చదువు ఉపయోగపడుతుంది. తప్పనిసరా అన్నది మాత్రం మీ కంపెనీని బట్టి ఉంటుంది. ఫీజు కట్టేముందు మీరు కోరుకునే పోస్టుకు డిగ్రీ నిబంధన ఉందో లేదో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.