రిమోట్ షట్టర్ పెట్టించిన మా మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

పాలకొల్లు ఇంటికి కారు షెడ్డు కట్టించి, షట్టర్‌కి మోటారూ రిమోటూ పెట్టించావని అక్కయ్య చెప్పింది. మోకాళ్ల నొప్పులతో బావగారు రోజూ వంగి షట్టర్ ఎత్తే బాధ తప్పింది. మంచి పని చేశావమ్మా. అయితే, "రిమోట్‌తో తెరుచుకునేదాన్ని దొంగ కూడా రిమోట్‌తో తెరవలేడా మావయ్యా?" అని నువ్వడిగినదానికి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు లేదు. ఇన్నేళ్లు భీమవరంలో షట్టర్లు, గేట్లు చేయించి బిగించినవాణ్ణి కాబట్టి తెలిసినంతా తీరిగ్గా రాస్తున్నాను. ఆ ఇంట్లో ఉండేది అక్కయ్యా బావగారూ ఇద్దరే. హైదరాబాదులో నువ్వు రాత్రిళ్లు బెంగతో ఉండకూడదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. మోటారు షట్టర్‌ని ఎత్తుతుంది, దించుతుంది, అంతే. తాళం వేసే పని దానిది కాదు. గేరు పట్టు మీద షట్టర్ కిందికి ఆగి ఉంటుంది కాబట్టి గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ దాన్ని కిందికి పట్టి ఉంచే గడియ ఏదీ లేకపోతే, కింది అంచులోకి గునపం దూర్చినవాడు మనిషి పాకేంత సందు చేసుకోగలడు. అందుకే నేను ఎవరింటికి వెళ్లినా షెడ్డుని ఇంట్లో గదిగా లెక్కపెట్టను, వీధిలో భాగంగానే లెక్కపెడతాను. నువ్వూ అలాగే అనుకుని మొదలుపెట్టు.

అలా చూస్తే అన్నిటికన్నా ముఖ్యమైనది షట్టర్ కాదు, షెడ్డులోంచి వంటింట్లోకి వెళ్లే ఆ చిన్న తలుపు. వీధి గుమ్మానికి టేకు తలుపు, చెక్కిన ద్వారబంధం, రెండు తాళాలు పెట్టినవాళ్లే ఈ తలుపు దగ్గరకొచ్చేసరికి పల్చటి ఫ్లష్ డోర్ వేసి, అరంగుళం స్క్రూలతో ఒక చిన్న గడియ బిగించి సరిపెడతారు. దొంగ ఒకసారి షెడ్డులోకి వచ్చి షట్టర్ దించుకున్నాడంటే వీధిలో ఎవరికీ కనపడడు. తీరిగ్గా పని చేసుకుంటాడు. కాబట్టి ఈ తలుపు వీధి తలుపంత గట్టిగా ఉండాలి. దళసరి చెక్క, గోడలోకి దిగే పొడుగు స్క్రూలు, ద్వారబంధంలోకి లోతుగా దూరే లాక్, లోపలివైపు పైనొకటి కిందొకటి గడియలు పెట్టించు. బందులు ఏ వైపు ఉన్నాయో కూడా చూడు. తలుపు షెడ్డువైపు తెరుచుకుంటే బందుల పిన్నులు దొంగ చేతికి అందుతాయి. రాత్రి పడుకునే ముందు వీధి తలుపు చూసుకున్నట్టే దీన్నీ చూసుకోమని అక్కయ్యకి చెప్పు.

షెడ్డులో ఏమేం పెట్టారో కూడా గమనించు. మన వైపు షెడ్డంటే కారొక్కటే ఉండదు కదా. చెరువు దగ్గర్నుంచి తెచ్చిన ఏరియేటర్ మోటార్లు, మేత బస్తాలు, కరెంటు తీగ చుట్టలు, నిచ్చెన, గునపం, సుత్తి, అన్నీ అక్కడికే చేరతాయి. గునపం, నిచ్చెన షెడ్డులో వదిలేస్తే లోపలి తలుపు బద్దలుకొట్టడానికి పనిముట్లు మనమే ఇచ్చినట్టు. వాటిని వేరే గదిలో పెట్టి తాళం వెయ్యమను. రాగి తీగలు కూడా అక్కడ ఉంచకండి.

ఇక నువ్వడిగిన రిమోట్ సంగతి.

బటన్ నొక్కినప్పుడు రిమోట్ గాలిలోకి ఒక అంకెల వరుస పంపుతుంది. మన దగ్గర దొరికే రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ వరుస, మోటారు దగ్గర దాన్ని అందుకునే రిసీవర్‌కి నచ్చితే మోటారు తిరుగుతుంది. ఆ వరుస రోజూ ఒకటేనా, నొక్కినప్పుడల్లా మారుతుందా అన్నదే మనం తేల్చుకోవాలి. పాత రకం రిమోట్ విప్పితే లోపల చిన్న చిన్న స్విచ్‌లు వరసగా ఉంటాయి. ఎనిమిది స్విచ్‌లుంటే 256 రకాల కోడ్‌లే, పన్నెండుంటే 4,096 మాత్రమే. 2015లో సామీ కమ్‌కార్ అనే అమెరికా పరిశోధకుడు పిల్లలు ఆడుకునే ఒక పాత మెసేజింగ్ బొమ్మని కాస్త మార్చి, అలాంటి కోడ్‌లన్నీ పది సెకన్లలోపే వరసగా పంపి తలుపు తెరిచి చూపించాడు. కోడ్‌లని ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కాకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయేట్టు పేర్చాడు, అందుకే అంత త్వరగా అయింది.

ఆ తర్వాత వచ్చినవాటిలో స్విచ్‌లు కనిపించవు. లోపల ఈవీ1527 అని రాసిన చిన్న చిప్పు ఉంటుంది. ఇందులో కోడ్‌లు 10,48,576. వినడానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ ఆ చిప్పు కూడా జన్మంతా ఒకే కోడ్ పలుకుతుంది. ఒకసారి వీధిలో నిలబడి దాన్ని రికార్డు చేసుకున్నవాడికి పది లక్షలతో పనేముంది? అదే కోడ్ తిరిగి వినిపిస్తే చాలు. తక్కువ ధరకి బిగించేసే మోటార్లతో పాటు ఎక్కువగా ఈ రకమే ఇస్తుంటారు. మన వైపు ఇళ్లకి అసలు బలహీనత ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. రిమోట్లు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్లి డూప్లికేట్ చెయ్యమని అడగండి. మీ రిమోట్‌ని కొత్త రిమోట్ పక్కన పెట్టి నొక్కి, రెండు నిమిషాల్లో ఇచ్చేసి, ఇంటికొచ్చి నొక్కగానే షట్టర్ లేచిందంటే అది చాలావరకు మారని కోడే. అలా తేలితే ఇక ఆలోచించకు, రిసీవర్ మార్పించు. మోటారు మార్చక్కర్లేదు. సాధారణంగా రోలింగ్ కోడ్, అంటే నొక్కినప్పుడల్లా కోడ్ మారే రకం, రిసీవర్ విడిగా తెచ్చి అదే మోటారుకి కలపొచ్చు. దీని మీద పెట్టే ఖర్చుకి వెనకాడొద్దు.

రోలింగ్ కోడ్‌లో రిమోట్‌కీ రిసీవర్‌కీ ఒక లెక్క నడుస్తుంటుంది. నొక్కినప్పుడల్లా లెక్క ముందుకి జరుగుతుంది, కోడ్ మారుతుంది. కండక్టరు చింపిన టిక్కెట్టు మళ్లీ చెల్లనట్టే, వాడేసిన కోడ్ మళ్లీ పనిచెయ్యదు. పిల్లలు దూరంగా ఎక్కడో ఆడుకుంటూ నాలుగైదుసార్లు నొక్కినా ఫర్వాలేదు. లెక్క కాస్త ముందుకి పోతే రిసీవర్ సర్దుకుంటుంది, వెనక్కి పోయిన కోడ్‌ని మాత్రం ఒప్పుకోదు.

దీన్ని కూడా గెలిచినవాళ్లున్నారని ఎవరైనా అంటే, అది నిజమే. చాలా రిమోట్లలో వాడే కీలాక్ అనే పద్ధతిని 2008లో జర్మనీలోని బోఖుమ్ రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఛేదించారు. 2015లో ఆ కమ్‌కారే ఇంకో పరికరం చూపించాడు. నువ్వు నొక్కిన కోడ్ రిసీవర్‌కి చేరకుండా అడ్డుపడి తను దాచుకుంటుంది. నువ్వు రెండోసారి నొక్కితే దాన్నీ దాచుకుని, మొదటిదాన్ని వదులుతుంది. తలుపు తెరుచుకుంటుంది, నీకు అనుమానం రాదు. వాడని కోడ్ ఒకటి దాని దగ్గర మిగిలిపోతుంది. అందుకని మొదటి నొక్కుకి షట్టర్ కదలకపోవడం తరచూ జరుగుతుంటే బ్యాటరీ మార్చి చూడమను. అయినా అలాగే ఉంటే వీధిలో ఎవరున్నారో ఒకసారి చూడమను. ఆ పరికరం దగ్గర్లో లేనప్పుడు అదే రిమోట్‌ని మళ్లీ ఒకసారి వాడితే, అది దాచుకున్న పాత కోడ్ చెల్లకుండా పోతుంది. కొత్త రిసీవర్ కొనేటప్పుడు కోడ్‌ని ఇంకా గట్టిగా దాచే ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఉన్నది దొరికితే అదే తీసుకో. కానీ దీని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. గునపంతో పనైపోయే చోటికి దొంగ యంత్రాలు మోసుకురాడు.

రేడియో కోడ్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది వైరింగు. మెకానిక్కులు సౌకర్యం కోసం బయటి స్తంభం మీద ఒక పుష్ బటనో, కీప్యాడో పెట్టి, దాని తీగలు రెండూ తిన్నగా మోటారు బోర్డుకి కలిపేస్తారు. ఆ బోర్డుకి కావలసింది ఆ రెండు తీగలు ఒక్క క్షణం తాకడమే. పెట్టె మూత విప్పి రెండు తీగలు ముట్టించినవాడికి కోడ్ అక్కర్లేదు, రిమోట్ అక్కర్లేదు. కాబట్టి బయట బటన్ ఉంటే తీయించెయ్యి. కీప్యాడ్ కావాల్సిందేనంటే, బయట అంకెలు నొక్కే పలక మాత్రమే ఉండాలి, తేల్చే బోర్డు లోపల ఉండాలి. రిసీవర్ కూడా షెడ్డు లోపల, చేతికి అందని ఎత్తులో ఉండాలి. ఇది గంటలో అయిపోయే పని.

కరెంటు పోయినప్పుడు షట్టర్ ఎత్తడానికి ఏం పెట్టారో కనుక్కో. పక్క మోటారైతే గొలుసు ఉంటుంది, అది లోపలే ఉంటుంది కాబట్టి దిగుల్లేదు. మధ్యలో బిగించే మోటారైతే దాని పట్టు వదిలించే మీట ఉంటుంది. దాని తాళం పెట్టె బయట గోడకి బిగించారంటే ఆ తాళమే మీ ఇంటి తాళం అన్నమాట, గట్టిదే పెట్టించు. జరిగే గేటుకి మోటారు పెట్టినా ఇదే సంగతి. మోటారు పెట్టెకి ఇచ్చే తాళంచెవి అదే మోడల్ ఉన్న ఇంకో ఇంటి పెట్టెకీ పట్టొచ్చు. గేటు కమ్మీల సందులోంచి చెయ్యి పెడితే ఆ పెట్టె అందుతుందేమో చూసి, అందితే రేకు అడ్డం కొట్టించు. అయితే ఈ మీటనీ గొలుసునీ ఎప్పటికీ కదలకుండా కట్టెయ్యొద్దు. 1996 నవంబరు తుఫాను కోనసీమని ఏం చేసిందో చూసినవాళ్లం. గాలివాన రాత్రి కరెంటు లేనప్పుడు కారు బయటికి తియ్యాల్సి రావొచ్చు. చేత్తో షట్టర్ ఎత్తడం అక్కయ్యకి కూడా నేర్పించు.

అమెరికాలో మీ తమ్ముడింటికి ఉండేది వేరే రకం, పైకి మడుచుకుంటూ వెళ్లే తలుపు. దానికి లోపల ఎర్ర తాడు వేలాడుతుంటుంది. తలుపు పై సందులోంచి వంకీ తీగ దూర్చి ఆ మీటని లాగేస్తారు. మీట ముందు ఒక చిన్న అడ్డుపలక బిగించుకోమని వాడికి చెప్పు. తాడు మాత్రం తీసెయ్యొద్దను, లోపల చిక్కుకున్నవాళ్లు బయటపడేది దానితోనే. వైఫై పెట్టెతో ఫోన్లోంచి తెరిచే ఏర్పాటుంటే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టుకుని, అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా చేసుకోమను. 2023లో ఆ దేశంలోనే ఒక కంపెనీ పరికరాలన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉందని తేలి, ఎవరి తలుపైనా ఎక్కడినుంచైనా తెరవొచ్చని బయటపడింది. అక్కయ్యా బావగార్లకి వైఫై ఏర్పాటు వద్దు, వాళ్లకది అవసరం లేదు.

షట్టర్‌కి అసలు తాళం సంగతి. షట్టర్ పైకీ కిందికీ జారే రెండు పక్క గైడ్లలోకీ దూరే గడియలు లోపలివైపు పెట్టించు. రాత్రి వేసి, పొద్దున్న తీస్తారు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. గడియ వేసి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే మోటారు ఊరుకోదు, పలకలు వంగిపోతాయి, గైడ్లు ఊడివస్తాయి. అందుకని గడియ వేసే ముందు మోటారుకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆఫ్ చెయ్యాలి, తీశాకే ఆన్ చెయ్యాలి. ఆఫ్ అయి ఉన్న మోటారుకి ఎన్ని కోడ్‌లు పంపినా కదలదు. రోజూ చెయ్యలేమంటే గడియకి ఒక స్విచ్ కలిపి, గడియ పడగానే మోటారుకి కరెంటు ఆగేలా మెకానిక్కు చెయ్యగలడు. బావగారి మతిమరుపు తెలుసు కాబట్టి నీకు ఈ స్విచ్చే మంచిదంటాను. పలకలు 18 గేజివేనా అని కూడా అడుగు, అంటే ఇంచుమించు 1.2 మిల్లీమీటర్ల మందం. నరసాపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి గైడ్ల అడుగు భాగం ముందు తుప్పు పడుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతుంది. ఏటా వానలు వెలిశాక గీకించి రంగు వేయించాలి.

రిమోట్ కారులో వదలొద్దు. భీమవరం బజారులో కారు అద్దం పగలగొట్టినవాడికి రిమోటూ, ఆర్‌సీ కాయితం మీద ఇంటి అడ్రసూ ఒకేచోట దొరుకుతాయి. తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న రిమోట్ జేబులో ఉంటుంది. ఇక సంక్రాంతి. ఇంటినిండా చుట్టాలు, వీధినిండా కార్లు, రిమోట్ డ్రైవర్ల చేతుల్లోకీ పిల్లల చేతుల్లోకీ పోతుంది, షట్టర్ పగలంతా తెరిచే ఉంటుంది. ఎవరినీ అనుమానించమని చెప్పడం లేదు. కనుమ వెళ్లాక రిమోట్లు అన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఒకటి తగ్గినా రిసీవర్ మీది లెర్న్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని పాతవన్నీ చెరిపేసి, చేతిలో ఉన్నవాటిని మళ్లీ నేర్పించండి. ఎన్ని సెకన్లు పట్టుకోవాలో దాని కాయితంలో ఉంటుంది. ఆ కాయితం పారెయ్యొద్దు.

వాళ్లిద్దరూ నీ దగ్గరికి వచ్చే రోజుల్లో మోటారు ఎంసీబీ ఆఫ్, గడియలు, లోపలి తలుపుకి తాళం. తాళం వేసిన ఇళ్లని కనిపెట్టే పోలీసుల ఏర్పాటు, ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో పేరు నమోదు చేయించు. తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెట్టి కనిపెట్టి ఉంటారు. ఇంట్లో ఉండగా రాత్రి షెడ్డులో అలికిడైతే బావగారు తలుపు తీసి చూడకూడదు. లోపలే ఉండి 112కి ఫోన్ చెయ్యాలి. ఈ ఒక్కటీ నువ్వే వాళ్ల చేత ఒట్టు వేయించు. పోతే పోయేది సామాను.

రిసీవర్ మూత తీయించి, లోపలి చిప్పు మీదున్న నంబరు ఫోటో, స్తంభం మీద బటన్ ఉంటే దాని ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. మెకానిక్కు వచ్చే రోజు ముందుగా చెప్తే నేను పాలకొల్లు వచ్చి దగ్గరుండి చేయిస్తాను.

మీ మావయ్య