వైశాఖ మాసానికి ఆ పేరెలా వచ్చింది? విశాఖలో ఈ నెల ప్రత్యేకత ఏమిటి?

పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే నెలకు ఆ పేరు. విశాఖ దగ్గర ఉంటే వైశాఖం. ప్రతి ఏడూ కచ్చితంగా కుదరదు, పక్క నక్షత్రానికి జరుగుతుంటుంది. చైత్రం, వైశాఖం కలిపి వసంత రుతువు అంటాం గానీ, మన విశాఖలో వైశాఖమంటే ఉక్కపోతే.

ఇక్కడ ఈ నెలంతా సింహాచలానిదే. శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు చందనోత్సవం. ఏడాది పొడవునా చందనం పూతలో ఉండే వరాహ లక్ష్మీనరసింహస్వామి నిజరూపం ఆ ఒక్కరోజే కనిపిస్తుంది. చందనం అరగదీత చైత్రంలోనే మొదలవుతుంది. దర్శనాలయ్యాక ఆ రాత్రే మొదటి విడత పూస్తారు. తర్వాతి మూడు విడతలూ వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు. ఎండల్లో ఉగ్రమూర్తిని చల్లబరచడమన్నమాట. క్యూలో నిలబడేవాళ్లు మాత్రం నీళ్లసీసా మరవకండి.

శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. మర్నాడు బుద్ధ పూర్ణిమ. తొట్లకొండ, బావికొండ ఆరామాలున్న ఊరికి అదీ సొంత పండగే. ఉత్తరాదిన చాలాచోట్ల చైత్ర పున్నమికి చేసే హనుమజ్జయంతి తెలుగువారికి వైశాఖ బహుళ దశమి నాడు.